బట్టీ పట్టిన అక్షరాలను నమ్మని నసీమా సిస్టర్

మంగళవారం పొద్దున నా డిగ్రీ ఫలితాలు వచ్చాయి. ఫస్ట్ క్లాస్! మా వంశంలో డిగ్రీ మొహం చూసినదాన్ని నేనే. ఇంట్లోవాళ్ల తర్వాత మొదటి ఫోన్ నసీమా సిస్టర్‌కే చేశాను. ఆమె కూతురు ఎత్తి, "అమ్మీ ఇందాకే చనిపోయిందక్కా" అంది. నా శుభవార్త నోట్లోనే ఉండిపోయింది.

కడప నుంచి గల్ఫ్‌కు వచ్చిన సిస్టర్, మబేలాలోని మా బడికి ఏళ్ల తరబడి నర్సు. ఎవరి మాటా ఊరికే నమ్మేది కాదు. కడుపునొప్పి అంటే ముందు పరీక్షల టైంటేబుల్ చూసేది. పొద్దున ఇడ్లీ తిన్నామంటే, "చట్నీ ఏంది?" అని ఆరా తీసేది. తడబడితే ఖర్జూరాలు చేతిలో పెట్టి, "తినేసి అబద్ధమాడు పో" అనేది.

నాలుగో తరగతిలో నేనూ దొరికిపోయాను. నాన్నది జగిత్యాల వైపు పల్లె, రుసైల్ ఫ్యాక్టరీలో డ్యూటీ. వీసా మెడికల్ అనే ఆరోగ్య పరీక్షలో ఫెయిలైన బాబాయిని దేశం నుంచి పంపించేసినప్పటి నుంచి, పరీక్ష చేసి కాగితం మీద రాసేవాళ్లంటేనే ఆయనకు అనుమానం. "బడి మెడికల్‌ల ఏం రాయనియ్యకు బిడ్డా, అందర్ని పంపిస్తరు" అన్నాడు. అందుకే కళ్ల పరీక్ష వరుసలో నిలబడి, ముందువాళ్లు చదివిన అక్షరాలన్నీ బట్టీ పట్టాను. నా పెదవుల కదలిక సిస్టర్ కనిపెట్టినట్టుంది, నా వంతుకు చార్టు మార్చేసింది. నేను గడగడా అప్పజెప్పగానే, "ఏమ్మే, అక్కడ తగిలించింది క్యాలెండర్ కదా!" అంది. వరుసంతా నవ్వు. నా ఆరోగ్య కార్డు మీద మాత్రం 'అద్దాలు కావాలి' అని రాసింది.

మర్నాడు నాన్న డ్యూటీ బూట్లతోనే బడికి వచ్చాడు.

"మేడం, ఆ కార్డు కొట్టెయ్యిన్రి. నా బిడ్డ కండ్లు మంచిగనే ఉన్నయి."

"ఇది వీసా మెడికల్ కాదన్నా, బడి కార్డు."

"గట్లనే అంటరు. కాయితం ఎటువోతదో మాకెర్కలేదా?"

సిస్టర్ కార్డు తీసి ఆయన చేతికిచ్చింది. "నువ్వే పెట్టుకో. శుక్రవారం లోపల అద్దాలు తెప్పియ్యి. లేదంటే ఇంకోటి రాస్తా."

దారిలో నాన్న, "ఊకెనే ఎందుకిచ్చింది? నకలు పెట్టుకున్నదా?" అని ఒకటే గొణుగుడు. అద్దాలైతే కొన్నాడు. నల్లబల్ల మీద ఇంత రాస్తారా అని నాకు అప్పుడే తెలిసింది. మమ్మల్ని అక్కడ ఉండనిచ్చే రెసిడెన్సీ కార్డులు రెన్యూ అయ్యేదాకా ఆయన అనుమానం చావలేదు. ఆ తర్వాత సిగ్గు పట్టుకుంది. "ఏం మొహం పెట్టుకొని పోను?" అనేవాడు.

వందేళ్ల కిందటి బడిపిల్లల ఆరోగ్య పరీక్షల మీదే డిగ్రీలో ప్రాజెక్టు చేశాను. బడికొచ్చిన డాక్టర్ను ఆనాటి తల్లిదండ్రులూ అనుమానించారని చదివి, సిస్టర్‌కు ఫోన్ చేశాను. "అనుమానం మంచిదేలేమ్మా. బిడ్డ మీద ప్రేమ లేనోళ్లు అదీ పడరు" అంది. ఆ మాట నాన్నకు చెప్పాను.

ఇకపై బడిలో సిస్టర్ గదిలోకి మరో నర్సు వస్తుంది. మా అబద్ధాల వెనక ఆకలినీ భయాన్నీ పసిగట్టే ఆ మనిషి మాత్రం రాదు.

ఖననానికి నాన్న సెలవు పెట్టి వచ్చాడు. ఆడవాళ్లం శ్మశానం గేటు బయట ఆగాం. మట్టి వేసి, చేతులు దులుపుకోకుండానే నా దగ్గరికి వచ్చాడు.

"మేడంకు నీ డిగ్రీ ముచ్చట చెప్పిన బిడ్డా" అన్నాడు. "తప్పయిందని గూడ చెప్పిన."