కొత్త పుస్తకంలో నూట పద్నాలుగు

1959 మే నెల, మొదటి గురువారం, పగలు పదకొండుంబావుకు, తాండూరు చర్చిలో పెళ్లి జరుగుతుండగా నేను చావు పాట వాయించాను. తాగి వాయించలేదు. చదువు రాక వాయించాను.

అప్పటికి ఆరేళ్లుగా వికారాబాద్‌లో ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయిస్తూ, మిగతా రోజులు బడిలో పిల్లలకు పాటలు నేర్పుతున్నాను. హార్మోనియం మా మేనమామ దగ్గర చెవితో నేర్చుకున్నాను. స్టేషన్‌లో మూటలు మోసిన రోజుల్లో అంకెలు వచ్చాయి. అక్షరాలు రాలేదు. మా పాదిరిగారు పాట మొదలు చెప్పరు, నంబరు చెబుతారు. రెండు వందల పాటలు నాకు నంబర్లతోనే కంఠతా వచ్చు. పుస్తకం ఎదురుగా తెరిచి పెట్టుకుని చదువుతున్నట్టు చూసేవాణ్ని. ఈ సంగతి నా భార్యకు తప్ప ఎవరికీ తెలియదు.

పెళ్లికి మూడు రోజుల ముందు కొత్త పాటల పుస్తకాలు వచ్చాయి. బడి పెద్ద టీచరమ్మ ఒకటి నా చేతిలో పెట్టింది.

"నంబర్లన్నీ మారినయి మాస్టర్. ఒకసారి చూసుకోండి. జూన్‌ల మిమ్మల్ని పర్మనెంట్ చెయ్యమని కమిటీకి కాయితం రాసిన."

నిజం తెలిస్తే పర్మనెంట్ కాదు, ఉన్న పనే పోతుంది.

"పోయి చెప్పరాదు" అంది నా భార్య.

"ఏమని? ఆరేండ్లు ఉత్తగనే పేజీలు తిప్పిన అనా?"

"గదే చెప్పు."

చెప్పలేదు. పెళ్లినాడు తాండూరు పోయే రైల్లో పాదిరిగారిని ఏ పాటలు పాడిస్తారని అడిగితే, "ఆడికి వోయినంక చూద్దాం తియ్" అన్నారు. ధారూరు దాటాక, పాదిరిగారు కునుకు తీస్తుంటే, పక్కన కూర్చున్న, నాపరాళ్ల గనిలో లెక్కలు రాసే మున్షీకి పుస్తకం అందించి, కళ్లద్దాలు మరిచి వచ్చానని అబద్ధమాడాను. "జర గీ పాట మొదలు చదువుండ్రి సాబ్."

ఆయన పుస్తకం అటూ ఇటూ తిప్పాడు. "నాకు ఉర్దూ ఒక్కటే వస్తది మాస్టర్‌సాబ్. మీది ఎడమదిక్కు నుంచి మొదలైతదని మాత్రం ఎరుకే."

చర్చిలో మొదటి నంబరు చెప్పగానే శ్రుతి పట్టి ఊరుకున్నాను. పాడే ఆడవాళ్లు కాసేపు నా వైపు చూసి, వాళ్లే ఎత్తుకున్నారు. నేను వెనక నుంచి అందుకున్నాను. రెండో పాటా అలాగే గడిచింది. వీపు మీద చెమట కాస్త ఆరింది. అక్కడే మోసపోయాను.

తాళి కట్టడం అయింది. పాదిరిగారు "నూట పద్నాలుగు" అన్నారు. పుస్తకంలో ఆ అంకె వెతికి తెరిచాను, కానీ నా వేళ్లు నాకంటే ముందే కదిలాయి. పాత పుస్తకంలో నూట పద్నాలుగు, శవపెట్టెను గోతిలోకి దించేటప్పుడు పాడే పాట. ఎవరూ గొంతు కలపడం లేదని రెండో వరుసకు గానీ తెలియలేదు. కన్నడం మాట్లాడే పెళ్లికొడుకు తరఫువాళ్లు మాత్రం రాగం బాగుందని తలలాడిస్తున్నారు.

ముందు చాప మీద నుంచి పెళ్లికూతురు అవ్వ గొంతెత్తింది. "ఓ పెట్టె మాస్టర్, ఎవరు సచ్చిండ్రు? నేనింకా గీడనే కూసున్న గదా."

అందరూ నవ్వారు. పెద్ద టీచరమ్మ నవ్వలేదు. పెళ్లికి వచ్చి నా పక్కనే కూర్చున్న ఆమె, తెరిచి ఉన్న పేజీ వైపు చూసింది. అందులో ఉన్నది పెళ్లి పాట. పేజీని చూసింది, నా వేళ్లను చూసింది.

భోజనాలయ్యాక పందిరి బయటికి పిలిచి, పుస్తకంలో ఒక వరుస మీద వేలు పెట్టింది. "చదవండి."

అద్దాల మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. "రాదు టీచరమ్మ."

"ఏది రాదు?"

"ఒక్క అక్షరం రాదు."

పుస్తకం మూసింది.

"కమిటీకి రాసిన కాయితం ఆపుత" అంది. "బడి తెరిచినంక ఒకటో తరగతిల కూసోండి. క్రిస్మస్ వరకు గీ పుస్తకం చదవాలె. లేకుంటే పని నుంచి నేనే తీసేస్త."

జూన్‌లో పలక పట్టుకుని కూర్చున్నాను. పొద్దున ఏ పిల్లలకు పాట నేర్పానో, మధ్యాహ్నం ఆ పిల్లలే నా "ఞ" చూసి నవ్వేవారు. సిగ్గుపడలేదంటే అబద్ధం. సిగ్గు కంటే భయం పెద్దది. రాత్రి నేర్చుకున్నది తెల్లారేసరికి పోయేది. దసరా దాటినా ఒత్తుల దగ్గరే ఉన్నాను.

క్రిస్మస్ వారం పెద్ద టీచరమ్మ తన గదిలోకి పిలిచి నూట పద్నాలుగు తెరిచింది. పాట కంఠతా వచ్చు కాబట్టి మోసం చేస్తానని, చివరి చరణం నుంచి వెనక్కి చదివించింది. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివాను. అంతా విని, సొరుగులో నుంచి ఆపిన కాగితం తీసి సంతకం చేసింది.

ఇంటికి వచ్చి, చూచిరాత కాకుండా నా అంతట నేను మొదటిసారి రాసుకున్నది, ఆ పెళ్లిలో నేను వాయించిన చావు పాట విన్నవాళ్లెవరో. పేర్లతో రాశాను. పేర్లు ఇక్కడ వద్దు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు, ఆమె తల్లిదండ్రులు, ఆమె అవ్వ, బషీరాబాద్ వైపు నుంచి వచ్చిన పెళ్లికొడుకు చుట్టాలు ఏడుగురు, పాడే ఆడవాళ్లు నలుగురు, పాదిరిగారు, పెద్ద టీచరమ్మ, హార్మోనియం ముందు నేను.