తెల్ల గుర్రానికి కట్టిన చిక్కం

బోధన్‌లో మా బాపుకు ఒక తెల్ల ఆడగుర్రం ఉంది. పెళ్లి ఊరేగింపుల్లో దాన్ని నడిపించేవాణ్ణి నేను. బేరాలు ఇప్పించేది నిజామాబాద్‌లోని ఒక బ్యాండు మాస్టరు. ఒకసారి ఫంక్షన్ హాలు గుమ్మంలో, ఎర్ర కార్పెట్ మీద గుర్రం లద్దె వేసింది. మాస్టరుకు తల కొట్టేసినట్టయింది.

"ఇగ పెండ్లి రోజు పొద్దుగాల్నుంచి గడ్డి పోస గూడ వెట్టొద్దు. నా ఇజ్జత్ పోతుంది," అన్నాడు.

బేరాలు పోతాయని బాపు ఊరుకున్నాడు. గడ్డి అందకుండా దాని మూతికి తాడు చిక్కం కట్టింది మాత్రం నేనే. డప్పుల మోతలో, ఎండలో, ఖాళీ కడుపుతో ఆడేది. కాలు కుంటితే మాస్టరు నొప్పి గోలీలు మింగించేవాడు.

రెండో ఏడాదికి దాణా ముట్టడం మానేసింది. పక్కటెముకలు తేలాయి. జీను పట్టీ బిగిస్తే కరవడానికి వచ్చేది. పొగరనుకుని కొట్టాను. ఆ దెబ్బలు తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

దాన్ని చూపిస్తే, నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని పశువుల డాక్టరమ్మ నన్ను దులిపేసింది.

"కడుపుల పుండ్లయినయి. గుర్రం తిన్నా తినకున్నా దాని కడుపుల ఆసిడ్ ఊరుతనే ఉంటది. గడ్డి నములుతుంటెనే అది చల్లారుతది. మీరేమో మూతి కట్టి, పైనుంచి నొప్పి గోలీలేస్తిరి. ఇంకో సీజనైతే సచ్చిపోతుండె."

మందులు వాడి, రోజంతా గడ్డి మేపితే కొన్ని నెలలకు కోలుకుంది. అప్పుడే మాస్టరు కబురు పెట్టాడు. తన కూతురి పెళ్లట, పెళ్లికొడుకు మా గుర్రం మీదే రావాలట. "ఉపాసం ఉంచుడు మర్వకు," అన్నాడు.

"మర్వనన్నా," అన్నాను. బాపు ఈ బేరం వద్దన్నా వినలేదు.

ఆ రోజు తెల్లవారుజాము నుంచి కోటగిరి కాలువ గట్టు గడ్డి కడుపారా మేపాను. గుమ్మం ముందు మాస్టరు కొత్త షేర్వానీలో, చేతిలో దండతో నిలబడ్డాడు. గుర్రం కార్పెట్ మీద ఆగింది, తీరిగ్గా తోక ఎత్తింది. బ్యాండు ఆగిపోయింది. ఆ పెళ్లిపిల్ల ఏం పాపం చేసిందని తర్వాత అనిపించింది. ఆ క్షణంలో మాత్రం నా కడుపు చల్లబడింది.

"గడ్డి వెట్టినవారా?" పళ్లు కొరికాడు.

జేబులోంచి చిక్కం తీసి అతని చేతిలో పెట్టాను.

"వెట్టిన. గిది నీకే అన్నా. భోజనాలయ్యేదాక కట్టుకొని ఉండు. ఎట్లుంటదో రేపొచ్చి అడుగుత."