మామయ్య పోయిన తిథి

అంతే కాదు, ఆవిడ నన్ను ఫోన్ లోపల పెట్టమంది కూడా. మా అత్త పెళ్ళి ఫోటో ఆ ఫోన్‌లోనే ఉంది. అది లోపల పెట్టేస్తే ఇంక నేను చూపించేదేముంది? పెట్టలేదు. చూపించాను. మామయ్య తల నిండా తలంబ్రాలు, అత్త నవ్వు ఆపుకోలేక మోచేయి అడ్డం పెట్టుకుంది. హాంబర్గ్ స్టాండెసాంట్‌లో కూర్చున్న ఆవిడ ఆ ఫోటోని పోస్టు డబ్బాలో పడిన పిజ్జా కరపత్రాన్ని చూసినట్టు చూసి, "ఇది పెళ్ళికి రుజువు కాదు" అంది.

స్టాండెసాంట్ అంటే పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు రాసిపెట్టే ఆఫీసు. ఈ ఊళ్ళో ఎవరు పోయినా, ఏ దేశం వాళ్ళయినా, అక్కడి పుస్తకంలో ఎక్కుతారు. మా మేనత్త భర్త కూడా ఎక్కాడు. ఆయన సరుకుల ఓడలో పనిచేసేవాడు. ఓడ ఈ రేవులో ఉండగా న్యుమోనియా వచ్చి, ఇక్కడి ఆసుపత్రిలోనే పోయాడు. దహనం కూడా ఇక్కడే. అత్తకు ఇంటికొచ్చింది ఒక పెట్టె, అందులో నాలుగు జతల బట్టలు. అప్పటికి నేను పుట్టలేదు.

మలక్‌పేటలో మా అమ్మానాన్నలది మూడో అంతస్తు, అత్తది రెండో అంతస్తు. పిల్లలు లేరు. ప్రతి ఏడూ మాఘ బహుళ షష్ఠినాడు పస్తుండి, అయ్యగారికి స్వయంపాకం ఇస్తుంది. ఆ తిథి ఎలా తెలుసు అంటే, మా నాన్న చెప్పాడు కాబట్టి. కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది మా నాన్నకు. కాగితాలొచ్చింది మా నాన్నకు. ఇల్లు మారినప్పుడు అవన్నీ పోయాయన్నది కూడా మా నాన్నే.

నాకు హాంబర్గ్‌లో ఉద్యోగం వచ్చిందని తెలిసినప్పుడు ఇంట్లో అందరూ చలి గురించి అడిగారు, జీతం గురించి అడిగారు. అత్త మాత్రం నన్ను వంటింట్లోకి పిలిచింది.

"బిడ్డా, నీకొక పని చెప్త, కాదనకు. మీ మామయ్య పోయిండని నేను విన్నదే గని, ఎక్కడ రాసింది సూడలే. ఆ ఊళ్ళ రాసే ఉంటరు కద. ఆ కాగితం ఒక్కటి తెచ్చియ్యి."

"ఇప్పుడెందుకత్తా?"

"ఎందుకేంది? నా మొగుడు ఏ దినం పోయిండో నా కండ్లతోని సూడొద్దా?"

తెస్తానన్నాను. చూడొద్దు అనేవాళ్ళెవరైనా ఉంటే ముందే చెప్పండి, మీతో నాకు మాటలు అనవసరం.

సరే, ఆ కౌంటర్ దగ్గరికి వద్దాం. టెర్మిన్ కోసం, అంటే అపాయింట్‌మెంట్ కోసం, నెలన్నర రోజూ పొద్దున్న లేవగానే ఫోన్‌లో ఆ సైటు తెరిచి చూశాను. అక్టోబర్‌లో దొరికింది. వానలో తడిసి వెళ్ళాను. ఆవిడ మొదటి ప్రశ్న, "చనిపోయినాయన మీకేమవుతారు?"

"మా నాన్నగారి అక్క భర్త."

"అంటే మీరు నేరు వరసలో లేరు."

భార్య అడగొచ్చట. కన్నవాళ్ళు, పిల్లలు అడగొచ్చట. నన్ను ఎత్తుకుని పెంచిన మేనత్త, ఆమె మొగుడు, ఇవేవీ ఆ వరసలోకి రావు. పోనీ, అత్త సంతకం చేసిచ్చిన అధికార పత్రం ఉంది, దాన్ని జర్మన్‌లోకి మార్పించి స్టాంపు కూడా వేయించాను. ఆవిడ అది తీసుకుని తలూపింది. "ఇప్పుడు ఈమె ఆయన భార్య అని చూపించే పెళ్ళి సర్టిఫికెట్ ఇవ్వండి."

మా అత్త పెళ్ళి కాచిగూడలో ఒక సత్రంలో జరిగింది. మూడు వందల మంది భోంచేశారు. సర్టిఫికెట్ ఎవరడిగారు? నా దగ్గర ఉన్నది శుభలేఖ ఫోటో, నాలుగు మూలలా పసుపు మరకలతో. తలంబ్రాల ఫోటో. ఆధార్ కార్డు, దాని మీద భర్త పేరు ఉంది. ఆధార్‌ని ఆవిడ వేలితో వెనక్కి నెట్టింది. "ఇది చిరునామా కాగితం."

ఆ రోజు ఇంటికొచ్చి నేను అరుస్తుంటే, నా ఫ్లాట్‌లో ఉండే టోలిచౌకి పిల్ల గ్యాస్ మీద చాయ్ పెట్టి, నవ్వాపుకోకుండా అంది.

"అరే యార్, మూడొందల మందికి తిండి పెట్టిన్రు, ఒక్క కాగితం రాసుకోలేదా? మా దగ్గర కాజీ సాబ్ దగ్గరుండి నిఖానామా రాస్తడు, సాక్షులతో సహా. మీ అయ్యగారికి సంతకం రాదా?"

"నోర్మూసుకో."

"నేను మూసుకుంట. ఆ కౌంటర్ ఆంటీ మూసుకోదు కద."

అత్తకు ఫోన్ చేసి చెప్పాను. ఇప్పుడైనా పెళ్ళి రిజిస్టర్ చేయించుకోవచ్చేమో కనుక్కోమన్నాను. నాన్నను పంపమంటే నాన్న పోలేదు. మోకాలి నొప్పి అన్నాడు, సర్వర్ డౌన్ అన్నాడు, ఆఖరికి "ముప్పై ఏండ్ల కింది ముచ్చట ఇప్పుడు తవ్వుడెందుకమ్మా" అన్నాడు. అత్త ఆగలేదు. ఆటో మాట్లాడుకుని తనే రిజిస్ట్రారు ఆఫీసుకు పోయి, సాయంత్రం నాకు వీడియో కాల్ చేసింది. ఫోన్ ఎప్పట్లాగే పైకి పట్టుకుంది, నాకు కనిపించింది ఫ్యానూ ఆమె నుదురూ.

"ఇద్దరు రావాలన్నడు బిడ్డా. ఆయన రాడు సారూ అన్న. ఎందుకు రాడు అన్నడు. సచ్చిపోయిండు అన్న. అయితే సావు కాగితం తే అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"దానికోసమే నీ దగ్గరికొచ్చిన సారూ అన్న. నెక్స్ట్ అన్నడు."

నవ్వింది. నాకు నవ్వు రాలేదు. చావు కాగితం కావాలంటే పెళ్ళి కాగితం కావాలి, పెళ్ళి కాగితం కావాలంటే చావు కాగితం కావాలి. ఇక్కడొకరు, అక్కడొకరు కూర్చుని, అరవై ఆరేళ్ళ మనిషిని బంతిలా తంతున్నారు.

నవంబర్‌లో టెర్మిన్ లేకుండానే వెళ్ళిపోయాను. ఆవిడ గది తలుపు దగ్గర నిలబడి, ఆవిడ బయటికి రాగానే పట్టుకున్నాను. నా జర్మన్ కోపంలో ఇంకా అధ్వానం. క్రియలన్నీ ఎక్కడపడితే అక్కడ పడేశాను. "ఆమె మిమ్మల్ని ఆస్తి అడగట్లేదు. తేదీ అడుగుతోంది. ఒక్క తేదీ. మీరు కంప్యూటర్‌లో చూసి నోటితో చెప్పినా చాలు."

"చెప్పడానికి నాకు అనుమతి లేదు." తర్వాత గోడ మీది క్యాలెండర్ వైపు చూసి, పాలపాకెట్ ధర చెప్పినట్టు చెప్పింది, "జనవరిలో ఆ సంవత్సరం పుస్తకం మా చేతి నుంచి పాత రికార్డులు దాచే ఆర్కైవ్‌కి వెళ్తుంది. ముప్పై ఏళ్ళు నిండాయి కదా. అప్పుడు ఎవరైనా అడగొచ్చు."

"ఎవరైనా అంటే?"

"ఎవరైనా."

"నేను?"

"ఎవరైనా."

అంటే డిసెంబర్ ముప్పై ఒకటి దాకా కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పకూడని రహస్యం, ఆ తర్వాత బస్‌స్టాప్‌లో నిలబడ్డ వాడికి కూడా చెప్పొచ్చు. ఈ మాట అక్టోబర్‌లో చెప్తే నోరు పడిపోయేదా? అడిగాను. "మీరు అక్టోబర్‌లో అడగలేదు" అంది.

జనవరిలో ఆఫీసులు తెరిచిన మొదటి రోజే ఆర్కైవ్‌కి ఫారం పంపాను. ఒక్క పేజీ. నేనెవరో, ఎందుకో, నా వరస ఏమిటో ఏదీ అడగలేదు. అత్త మాత్రం రోజూ అడిగేది, "టెర్మిన్ దొరికిందా?" అని. టెర్మిన్ అక్కర్లేదత్తా, ఈమెయిల్ వస్తుంది అంటే, "ఏదో ఒకటి, దొరికిందా?" అనేది. ఆ మాట ఆమెకు అలవాటైపోయింది.

రేవు దగ్గర స్టేషన్‌లో, గాలికి గొడుగు వెనక్కి తిరిగిపోయి దాన్ని తిడుతూ ఉంటే ఫోన్ మోగింది. పీడీఎఫ్. టైపు మెషీన్ అక్షరాలు, పక్కన చేత్తో పెట్టిన సంతకం. మామయ్య పేరు. వృత్తి, నావికుడు. పుట్టిన ఊరు హైదరాబాద్. దాని కింద ఒక వరుస, మృతుడు ఫలానా ఆమెతో వివాహితుడు. ఆ ఫలానా చోట మా అత్త పేరు, ఇంటిపేరుతో సహా.

నేను ఆ ప్లాట్‌ఫాం మీదే పైకి తిట్టాను. తెలుగులో, తర్వాత జర్మన్‌లో, తర్వాత మళ్ళీ తెలుగులో. ఒకాయన కుక్కను పక్కకు లాక్కున్నాడు. ఆవిడ కంప్యూటర్‌లో ఉన్న పుస్తకంలోనే మా అత్త భార్య అని రాసి ఉంది. వాళ్ళే రాశారు. ముప్పై ఏళ్ళ కింద రాసి, స్టాంపేసి, బీరువాలో పెట్టి, ఆ పుస్తకానికి అటు కూర్చుని ఇటు ఉన్నవాళ్ళని, ఆమె భార్య అని రుజువేదీ అని అడిగారు.

ఆ కోపంలో తేదీ చూడటమే మర్చిపోయాను. రైలెక్కాక చూశాను. ఫిబ్రవరి మొదటి వారం, ఉదయం నాలుగూ నలభై. ఫోన్‌లో పంచాంగం యాప్ తెరిచి ఆ తేదీ కొట్టాను. మాఘ శుద్ధ పంచమి. అత్త పస్తుండే బహుళ షష్ఠికి పదహారు రోజుల ముందు.

ఇంకోసారి కొట్టాను. అదే వచ్చింది. శ్రీపంచమి. నాకు అక్షరాభ్యాసం చేసిన రోజు. మా ఇంట్లో ప్రతి ఏడూ ఆ రోజు పాయసం. చేసేది అత్త.

తర్వాత నా బుర్రలో ఇంకోటి వెలిగింది. మా అమ్మానాన్నల పెళ్ళి అదే ఏడు, మాఘ శుద్ధ త్రయోదశి. మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ప్రతి ఏడూ ఆ పెళ్ళి ఫోటోలు పడతాయి కాబట్టి మర్చిపోవాలన్నా మర్చిపోలేం. నాన్న తాళి కడుతుంటే వెనకాల దీపం పట్టుకుని నిలబడింది అత్త. పసుపుపచ్చ పట్టుచీర, తల నిండా మల్లెలు, నుదుట రూపాయంత బొట్టు. మామయ్య పోయి అప్పటికి ఎనిమిది రోజులు.

ఇంటికి కూడా వెళ్ళలేదు, స్టేషన్ మెట్ల మీద కూర్చుని నాన్నకు ఫోన్ చేశాను.

"ఫోన్ ఎప్పుడొచ్చింది నాన్నా నీకు?"

ఏ ఫోన్ అని అడగలేదు. అదొక్కటి చాలు నాకు.

"పెండ్లికి ఐదు దినాల ముందు" అన్నాడు.

"ముందు తెలిసి, పెళ్ళయిపోయిన ఎనిమిది రోజులకు చెప్పినవా? ఆ రోజే పోయిండని చెప్పినవా?"

"నీకు తెల్వదమ్మా. పెండ్లి పత్రికలు పంచినం. మైల వచ్చిందని ఆపితే ఏమంటరు? పిల్ల కాలు పెట్టకముందే ఇంటల్లుణ్ణి మింగిందంటరు. మీ అమ్మను మళ్ళెవరు చేసుకునేటోళ్ళు? నష్టజాతకం అని పేరు పెట్టి మూలకు కూసోబెడుదురు."

"అమ్మకు తెలుసా?"

"లే. ఎవ్వరికి చెప్పలే."

"అత్త నీ వెనకాల దీపం పట్టుకుని నిలబడ్డది నాన్నా."

"నేను వెనక్కి సూడలే" అన్నాడు. "ఆ కాగితం పంపకు. రాలేదని చెప్పు. దొరకలేదన్నరని చెప్పు. నీకు దండం పెడ్త" అన్నాడు.

మా నాన్న చెడ్డవాడని నేననట్లేదు. ఆ పెళ్ళి ఆగితే నేను లేను, అది కూడా నాకు తెలుసు. కానీ పదిహేను రోజులు దాచడం వేరు, ముప్పై ఏళ్ళు దాచడం వేరు. పెళ్ళయ్యాక ఒక్కరోజు రెండో అంతస్తుకు దిగి చెప్పొచ్చు. ప్రతి ఏడూ తప్పు రోజున ఆమె పస్తుంటే పైన కూర్చుని అన్నం తిన్నాడు. అసలు రోజున ఆమె చేసిన పాయసం తిన్నాడు. చెప్పడానికి అనుమతి లేదని ఆ కౌంటర్ ఆవిడ అంటే తిట్టాను కదా, మరి ఈయన ఎవరి అనుమతి కోసం ఆగాడు?

పంచమి ఇంకా నాలుగు రోజులుంది. టోలిచౌకి పిల్ల ఈసారి నవ్వలేదు. "సోచ్ లే, మంచిగ ఆలోచించుకో, ఒక్కసారి పంపినవంటే డిలీట్ కొట్టినా పోదు" అంది. మర్నాడు పొద్దున్నే పంపాను. ఒక్కో వరుసకు కింద తెలుగులో అర్థం రాసి, తిథి కూడా రాసి పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. అరగంట తర్వాత ఫోన్.

"ఇండ్ల నా పేరున్నది కద బిడ్డా."

"ఉన్నదత్తా."

"భార్య అనే రాసిన్రు కద."

"అవునత్తా."

"పంచమి, షష్ఠి, సప్తమి" అని గొణిగింది. లెక్క పెట్టుకుంటోందని నాకు అర్థమైంది. పంచమి నుంచి త్రయోదశికి.

"ఆ మల్లెపూలు మీ నాన్ననే తెచ్చిండు" అంది చివరికి. "నేనొద్దన్న, గంతగానం ఎందుకురా అన్న. పెట్టుకో అక్కా, పెట్టుకో అని ఏడ్చిండు. పెండ్లికొడుకు గట్ల ఏడుస్తడారా అని నేను నవ్విన."

ఈ ఏడు శ్రీపంచమికి మా ఇంట్లో పాయసం లేదు. అత్త పస్తుంది. మళ్ళీ బహుళ షష్ఠినాడూ ఉంటానంది, ఇన్నేళ్ళు ఉన్న రోజును ఊరికే ఎట్ల ఇడుస్త అంది. మధ్యలో త్రయోదశినాడు గ్రూపులో ఒక్క ఫోటో పడలేదు. మూడో అంతస్తుకు ఆమె ఎక్కడం లేదు, రెండో అంతస్తుకు ఆయన దిగడం లేదు. అమ్మ నాకు ఫోన్ చేసి, "ఏడు వేల కిలోమీటర్ల దూరం కూసొని నా ఇల్లు కూలగొట్టినవ్ కదే" అని ఏడ్చింది. చిన్నాన్న అయితే, నీకేం సంబంధం, నువ్వెవరు మధ్యలో అని నాలుగు వాయిస్ మెసేజ్‌లు పెట్టాడు. అచ్చం ఆ కౌంటర్ ఆవిడ అడిగిన ప్రశ్నే.

నిన్న అత్త ఆ పీడీఎఫ్‌ని ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, ఫోటో పంపింది. ఆమె పేరున్న వరుస మీద బొటనవేలు ఆనించి పట్టుకుంది. చిన్నాన్నకు చెప్పిందే మీకూ చెప్తున్నాను. ఆ కాగితం నేను పంపకుండా ఉండాల్సింది అనుకునేవాళ్ళు నాతో వాదించక్కర్లేదు. మలక్‌పేట వెళ్ళి, రెండో అంతస్తు ఎక్కి, ఆమె చేతిలోంచి దాన్ని తీసుకుని, నీ మొగుడు ఏ రోజు పోయాడో నీకు తెలియకపోతేనే మంచిది అని ఆమె మొహం చూసి చెప్పండి. చెప్పగలరా?