ఎదురు తిరిగిన చక్రం

నా చిన్నప్పుడు మా ఇంట్లో దయ్యాలంటే పెద్దగా భయం లేదు గానీ, పెరట్లో నిలబడి ఉన్న బండి అంటే మాత్రం అందరికీ గుండెల్లో రాయి పడేది. రెండో ప్రపంచయుద్ధం అయిపోయిన కొత్త. మాచర్లలో మా నాయనకు ఒక పాత చిన్న లారీ ఉండేది. వెనక తొట్టిలో నాపరాళ్లు వేసుకుని గనుల నుంచి రైలు స్టేషనుకు తోలేవాడు. ఒకరోజు దారిలో దాని వెనక ఇరుసులో ఏదో పళ్లచక్రానికి పన్ను విరిగింది. ఎడ్లను కట్టి ఇంటికి లాక్కొచ్చారు. ఆ సాయంత్రమే నాయనకు జ్వరం తగిలింది. ఆ జ్వరంతోనే పోయాడు.

ఇంకేముంది, బండే మనిషిని మింగిందని బజారంతా తేల్చేశారు. ఊళ్లోవాళ్ల నోటికి మూత పెట్టగలమా! మా నాయనమ్మ ఆ వైపు వెళ్లడమే మానేసింది. నేను మాత్రం రోజూ వెళ్లి దూరం నుంచి చూసేదాన్ని. నడి మధ్యాహ్నం ఎండకు రేకులు కాగి, లోపల ఎవరో వేళ్లు విరుచుకుంటున్నట్టు టిక్కు టిక్కుమనేది. నాయన కూర్చునే సీటు ఆయన కూర్చున్న మేరకు గుంటపడి ఉండేది. ఆ గుంట రోజురోజుకూ లోతవుతున్నట్టే కనిపించేది నాకు. ఎవరికైనా చెబితే తంతారని చెప్పలేదు.

మాకు ఆ బండి తప్ప మరో ఆధారం లేదు. అది కదిలితే ఇల్లు నిలుస్తుంది. కదలకపోతే అమ్మ నన్ను వెంటబెట్టుకుని ముప్పాళ్ళ పుట్టింటికి పోవాలి, నాయనమ్మ ఒక్కతే ఆ ఇంట్లో మిగలాలి. కొడుకు పోయిన మనిషికి మనవరాలు కూడా పోతే ఏం మిగులుతుంది? పెద్దవాళ్లు గుసగుసగా అనుకునేవాళ్లు, పిల్లలకు వినపడదనుకుని. నాకన్నీ వినపడేవి.

అప్పుడు మా మేనమామ వచ్చాడు. చిలకలూరిపేటలో బస్సు తోలేవాడు. బండి బాగుచేసి తనే తోలతానన్నాడు. విరిగిన సామానుకు గుంటూరులో అడిగితే కొట్టువాడు ఎదురు ప్రశ్న వేశాడట. ఆ బండ్లకు వెనక గేర్లు రెండు రకాలు. ఒకటి బరువు లాగేది, నిదానంగా పోతుంది. రెండోది పరుగుకు పనికొచ్చేది, ఎత్తు ఎక్కలేదు. మీది ఏ రకమో చెబితేనే ఇస్తానన్నాడు. చెప్పడానికి నాయన లేడు. కాగితాలు చూద్దామంటే, యుద్ధం రోజుల్లో సామాను దొరక్క నాయన వేరే బండి ఇరుసు తెచ్చి దీనికి బిగించాడు. ఇరుసు మీద పోతపోసిన అంకెలేమో అరిగిపోయాయి. విప్పి చూడడానికీ వీల్లేదు, సామాను వచ్చేలోగా రాతిదుమ్ము లోపల పడితే ఉన్నదీ పాడవుతుంది. ఇక మిగిలింది ఒకటే దారి అన్నాడు మామ. వెనక చక్రాన్ని చేత్తో తిప్పి, అది ఒకసారి తిరిగేలోగా ఇంజను నుంచి ఇరుసుకు వచ్చే పొడుగాటి కడ్డీ, అదే షాఫ్టు, ఎన్నిసార్లు తిరుగుతుందో లెక్కపెట్టడం. ఆరు చుట్లు దాటితే బరువు గేరు, ఆరులోపైతే పరుగు గేరు.

మర్నాడు ఎండ నడినెత్తికొచ్చిన వేళ నాపరాళ్లు పేర్చి వెనక చక్రాలు రెండింటినీ గాల్లోకి లేపారు. షాఫ్టు మీద సున్నంతో గీత పెట్టారు. నాయనమ్మ దూరంగా అరుగు మీద కూర్చుంది. మామ కుడిచక్రం పట్టుకుని ముందుకు తిప్పాడు. నేను ఎడమపక్కన నిలబడి ఉన్నాను. నా కళ్లముందు ఎడమచక్రం కదిలింది. దాని దగ్గర ఎవరూ లేరు. మామ ముందుకు తిప్పుతుంటే అది వెనక్కు తిరిగింది, చప్పుడు లేకుండా, నిదానంగా, తెలిసిన చెయ్యేదో తిప్పుతున్నట్టు. షాఫ్టు మీద సున్నపుగీత ఉన్నచోటే ఉంది. లోపల ఎక్కడో టక్కుమంది.

మామ చెయ్యి తీసేశాడు. మళ్లీ తిప్పాడు. మళ్లీ అంతే. నుదుటి చెమట తుడుచుకుని నా వైపు చూశాడు. బస్సు తోలే మనిషికి గేరు వెయ్యడం తెలుసు గానీ ఇరుసు కడుపులో ఏముందో ఏనాడు చూశాడు పాపం!

నాయనమ్మ అరుగు మీది నుంచే ఒక్క కేక పెట్టింది. "ఎదురు తిరిగాడురా నా కొడుకు! వాడి బండి ఇంకొకడు తోలడం వాడికిష్టం లేదు. దింపెయ్యండి, పాత ఇనుముకు తోలేద్దాం!"

ఆ మాట నా నెత్తిన పిడుగులా పడింది. నాయన మాకే ఎదురు తిరిగాడా? మేమేం చేశామని?

అప్పుడు మూలగది తలుపు తెరుచుకుంది. మొగుడు పోయిన ఆడమనిషి ఇన్ని నెలలని మూల కూర్చోవాలి, గడప దాటకూడదు, ఎవరికీ ఎదురు పడకూడదు. ఆ గడువు తీరనే లేదు. అమ్మ ముసుగు కూడా సరిగా లేకుండా పట్టపగలు పెరట్లోకి నడిచొచ్చింది. నాయనమ్మ అరుగు మీద లేచి నిలబడింది.

"అటు పట్టుకునేవాళ్లు లేకపోతే ఎదురు తిరగక ఏం చేస్తది అత్తా?" అంది అమ్మ. "ఈ ఇరుసు బిగించిన నాడు ఆయన అటు తిప్పుతుంటే ఇటు చక్రం పట్టుకుంది నేను గాదూ! ఒకటి కదలకుండా పట్టుకోవాల. రెండోది రెండు చుట్లు తిప్పాల. అప్పుడు షాఫ్టు తిరిగిందే లెక్క."

అమ్మ నా వైపు తిరిగింది. "ఏమే, నువ్వు పట్టుకో."

నేను వెనక్కు జరిగాను. అమ్మ నా రెండు చేతులూ పట్టుకుని టైరు మీద ఆనించింది. "గట్టిగా పట్టు. లాగుద్ది. లాగినా వదలొద్దు."

అమ్మ కుడిపక్కకు పోయింది. మామ కిందకు దూరాడు. అమ్మ చక్రం తిప్పడం నాకు కనపడలేదు, నా అరచేతులకు తెలిసింది. టైరు నన్ను తనవైపు లాగింది. బతిమాలుతున్నట్టు లాగింది. నేను కళ్లు మూసుకుని, ఒళ్లంతా ఆనించి పట్టుకున్నాను. ఈసారి షాఫ్టు తిరిగింది. మామ కింద నుంచి పైకే లెక్కపెట్టాడు. ఆరు దాటి, ఏడుకు కొంచెం ముందు ఆగింది.

"బరువు గేరే అక్కా! బరువుదే!" అని అరిచాడు.

నాయనమ్మ అరుగు దిగొచ్చింది. అమ్మను మళ్లీ లోపలికి పొమ్మనలేదు. ఆ మాట ఇక ఎప్పుడూ అనలేదు. తర్వాత సామాను వచ్చింది, బండి నడిచింది, నేను ముప్పాళ్ళకు పోలేదు.

కానీ ఆ క్షణంలో నేను చక్రం వదల్లేదు. లెక్క అయిపోయిందన్నా వదల్లేదు. వదిలితే నాయన పోతాడనిపించింది. అమ్మ వచ్చి నా వేళ్లు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది.

తర్వాత నాకు పెళ్లయింది, సంసారమయింది. ఇంట్లో ఎవరైనా ఎదురు తిరిగితే, ముందు అటువైపు పట్టుకునేవాళ్లు ఎవరున్నారని చూడడం అమ్మ దగ్గరే నేర్చుకున్నాను. కోపం వచ్చినప్పుడు మర్చిపోయేదాన్ని, అది వేరే సంగతి. చాలాసార్లు అటు ఎవరూ ఉండేవారు కాదు, నేనే వెళ్లి పట్టుకోవాల్సి వచ్చేది.

ఇంకొకటి కూడా ఉంది. అమ్మ నా వేళ్లు విప్పాక, కుడిచక్రం దగ్గర ఎవరూ లేరు. మామ కింద నుంచి బయటకు వచ్చేశాడు. అప్పుడు నేను పట్టుకున్న చక్రం ముందుకు, ఒకే ఒక్క చుట్టు తిరిగి ఆగింది. అమ్మా చూసింది, నేనూ చూశాను. అమ్మ టైరు మీద చెయ్యి వేసి నిలబడింది. దానికీ ఏదో కారణం ఉండే ఉంటుంది, మెకానిక్కును అడిగితే చెబుతాడు. ఇన్నేళ్లలో నేను ఎవరినీ అడగలేదు. నాయన నుంచి నాకు మిగిలింది అదొక్కటే.