ట్యాంకు వద్దన్న గాలి మేస్త్రి

లారీల వాళ్లంతా అతన్ని గాలి మేస్త్రి అనేవాళ్లు. టైర్లు విప్పడం, పంక్చర్లు వేయడం, గాలి పట్టడం తప్ప ముప్పై ఏళ్లుగా ఇంకో పని ఎరగడు. ఆ పని నేర్పింది బావ, అంటే అక్క మొగుడు. నాలుగు రోడ్లు కలిసేచోట ఉన్న రేకుల షెడ్డు బావదే. లోపల మూలన మనిషెత్తు ఇనప ట్యాంకు, దాని పక్కనే డుగడుగలాడే కంప్రెసరు, గోడకి చుట్టలు చుట్టి వేలాడదీసిన రబ్బరు పైపులు.

బావ మాటకారి. "ఎంత గాలి పట్టమంటావు?" అని అడిగి, డ్రైవరు నోరు తెరిచేలోపే "మీ ఓనరుకున్న గాలిలో సగం పడితే చాల్లే" అనేవాడు. డ్రైవర్లు పడీ పడీ నవ్వేవాళ్లు. పక్క ఊరి దగ్గర గాలి తగ్గినా, ఆ నవ్వు కోసం ఎలాగో అలా షెడ్డు దాకా లాక్కొచ్చేవాళ్లు.

మూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఆ ట్యాంకు పేలింది. గాలి మేస్త్రి బయట లారీ కింద జాకీ సర్దుతున్నాడు. పిడుగు పడిందనుకున్నాడు. ఆ తర్వాత ఏ చప్పుడూ వినపడలేదు. లారీ కింద నుంచి పాకుతూ వచ్చి చూస్తే షెడ్డు పైరేకులు రోడ్డుకి అవతల పడి ఉన్నాయి. పైపు తెద్దామని లోపలికి వెళ్లిన బావ, ఆసుపత్రి దాకా కూడా నిలవలేదు. మేస్త్రికి కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవి సగం మిగిలింది.

తనిఖీకి వచ్చిన అధికారులు ముక్కలన్నీ ఏరి చూశారు. 'పాత ట్యాంకు, అడుగున తుప్పు' అని రాసుకుని వెళ్లిపోయారు. తుప్పు ఎందుకు పట్టిందని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పగలిగినవాడు ఒక్కడే.

గాలిని ట్యాంకులోకి తొక్కిపెట్టినప్పుడు దాంతోపాటు చెమ్మ కూడా చేరుతుంది. అది నీరై అడుగుకి దిగుతుంది. ఆ నీళ్లు వదలడానికి ట్యాంకు కింద చిన్న కుళాయి ఉంటుంది. రోజూ సాయంత్రం దాన్ని తిప్పి నీళ్లు వదిలేయాలి. షెడ్డులో ఆ పని గాలి మేస్త్రిది. ఒకరోజు కుళాయి బిగుసుకుపోయింది. పట్టకారుతో తిప్పితే విరుగుతుందేమోనని భయపడి, రేపు చూద్దాంలే అనుకున్నాడు. మర్నాడూ అలాగే అనుకున్నాడు. బావతో చెబితే చీవాట్లు తప్పవని చెప్పలేదు. ఆ రేపు అనేది మూడు నెలలు సాగింది. మూడు నెలలూ నీళ్లు అడుగున నిలబడి ఇనుమును తిన్నాయి.

ఈ సంగతి అతను అక్కకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఏడాదిపాటు ఇంట్లోనే ఉండిపోయాడు. పెళ్లాం ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. అక్కే రోజూ పక్క వీధిలోంచి కారియరు తెచ్చి పెట్టేది. ఆమె తెచ్చిన అన్నంలో సగం, ఆమె వెళ్లాక కుక్కలకి వేసేవాడు.

చివరికి అక్కే ఒకరోజు కారియరు బల్ల మీద పెట్టి, అతని ఎడమ చెవి వైపు కూర్చుంది.

"ఒరేయ్, ఎన్నాళ్లిలా గోడలు చూస్తావు? మీ బావ పికప్పు బండి ఊరికే పడుంది. లారీలు మన దగ్గరికి రాకపోతే మనమే లారీల దగ్గరికి పోదాం. బండిలోనే కంప్రెసరు పెట్టించు."

"ఫోను వినపడదక్కా నాకు. ఎవరు ఎక్కడ ఆగారో ఎలా తెలుస్తుంది?"

"నేను వింటాను. పక్కన కూర్చుంటాను. ముప్పై ఏళ్లు టైర్ల మధ్య కాపురం చేశాను, ఆ మాత్రం చేతకాదా?"

కాదనడానికి అతని దగ్గర కారణం లేదు. ఉన్న కారణం నోటితో చెప్పేది కాదు.

బస్టాండు వెనక సందులో బళ్లకి కంప్రెసర్లు బిగించే ఫిట్టరు ఉన్నాడు. కళ్లజోడుకి దారం కట్టి మెడలో వేసుకునే మనిషి. సుద్దముక్కతో గచ్చు మీదే బొమ్మ గీసి చెప్పాడు.

"చూడు మేస్త్రీ, మూడు దార్లున్నాయి. ఒకటి, బ్యాటరీ మీద నడిచే చిన్నది. కారు టైర్లకి బంగారంలా ఉంటుంది. లారీ టైరుకి నూట ఇరవై పౌండ్లు ఎక్కించాలంటే మాత్రం మధ్యలో వేడెక్కి ఆగిపోతుంది. రెండు, వెనక తొట్టిలో పెట్రోలు ఇంజనుతో వచ్చేది. బరువు, మోత, పొగ. మూడు, నీ బండి ఇంజను పక్కనే కంప్రెసరు బిగించి బెల్టు వేయడం, వెనక ట్యాంకు పెట్టడం. నన్నడిగితే కళ్లు మూసుకుని అదే పెట్టించు."

"ట్యాంకు లేకుండా కుదరదా?"

"ట్యూబు లేని టైరుకి అంచు రిమ్ములో కూర్చోవాలంటే గాలి ఒక్కసారిగా కొట్టాలి. బొట్లు బొట్లుగా పోస్తే పక్కల నుంచి పోతూనే ఉంటుంది. బోల్టులు విప్పే గన్ను కూడా ట్యాంకు లేందే తిరగదు. ట్యాంకు లేకుండా లారీ పనంటే ఉగ్గుగిన్నెతో చెరువు నింపడమే."

"బ్యాటరీదే పెట్టు," అన్నాడు గాలి మేస్త్రి.

ఫిట్టరు అక్క వైపు చూశాడు. "బరువు తక్కువ, డీజిలు కలిసొస్తుంది," అని మేస్త్రి ఆమెకి వినపడేలా గట్టిగా అన్నాడు. ఆమె సరేనంది. పేలిన దాన్ని చూసినవాడు భయపడడా అనుకుంది.

నాలుగు నెలలు ఆ చిన్న మిషనుతోనే నెట్టుకొచ్చారు. కార్లు, ఆటోలు ఫరవాలేదు. లారీలకే ప్రాణం మీదికొచ్చేది. పది నిమిషాలు నడిస్తే పావుగంట ఆపి, తడిగుడ్డ కప్పి చల్లార్చాలి. బోల్టులన్నీ రాడ్డు మీద ఎక్కి నిలబడి తొక్కేవాడు. అతని నడుం వంగిపోయింది. ఫోన్లు పలచబడ్డాయి.

ఒక వానరోజు పొద్దున, ఘాట్ రోడ్డు మలుపులో ఉల్లిపాయల లారీ ఆగిందని ఫోనొచ్చింది. వెళ్లి టైరు విప్పి, అతుకు వేసి, మళ్లీ ఎక్కించాడు. గాలి పడుతుంటే అంచుల నుంచి బుసబుసా పోతోంది. సబ్బునీళ్లు రాశాడు. చుట్టూ తాడు బిగించాడు. మిషను మూడుసార్లు వేడెక్కి ఆగింది. పైన టార్పాలిన్ సందుల్లోంచి బస్తాలు తడుస్తున్నాయి. డ్రైవరు మొదట గొడుగు పట్టాడు, తర్వాత గొడుగు తీసేశాడు, తర్వాత ఇంకెవరికో ఫోను చేశాడు.

ఆ వచ్చినవాడి బండిలో ట్యాంకు ఉంది. రెండు నిమిషాలు. ఠప్పుమని అంచు కూర్చుంది. డ్రైవరు గాలి మేస్త్రి దగ్గరికొచ్చి, "పెద్దాయనా, మీ షెడ్డు పేరు విని పిలిచాను. ఉల్లిపాయలు కుళ్లితే నేనెవరికి చెప్పుకోవాలి?" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

తిరుగుదారిలో అక్క వాన పడకుండా కిటికీ అద్దం ఎత్తింది.

"ట్యాంకు పెట్టించరా."

"వద్దక్కా."

"మీ బావని చంపింది ట్యాంకు కాదు, తుప్పు. కొత్తది పెట్టి చక్కగా చూసుకుంటే ఏమవుతుంది? అంత పాతబడిందని ఆయనకైనా తెలియలేదు పాపం. ఆయన తలరాత అలా ఉంది, ఎవరేం చేస్తారు?"

ఆ ఆఖరి మాటకి అతను బండి పక్కకి తీసి ఆపాడు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.

"తలరాత కాదక్కా. కింద కుళాయి బిగుసుకుపోయింది. మూడు నెలలు నీళ్లు వదల్లేదు నేను. బావకి చెప్పలేదు."

ఆమె అర్థం కానట్టు చూసింది. అతను మళ్లీ చెప్పాడు. ఈసారి మొదటి నుంచి, ఏ రోజు బిగుసుకుంది, పట్టకారు ఎందుకు పక్కన పెట్టాడు, బావ ఒకసారి "నీళ్లు వదిలావా?" అని అడిగితే "ఆఁ" అన్న సంగతితో సహా. అక్క మధ్యలో ఒక్కసారే అడ్డుపడింది.

"ఆఁ అన్నావా?"

"అన్నాను."

ఆమె తలుపు తీసుకుని వానలోకి దిగింది. బస్సు ఆగేచోటు కిలోమీటరు దూరం. అతను బండి మెల్లగా వెనకే నడిపించాడు. ఆమె వెనక్కి తిరగలేదు. బస్సెక్కి వెళ్లిపోయింది.

పదిహేను రోజులు ఆమె రాలేదు. కారియరూ రాలేదు. అతను రెండుసార్లు పక్క వీధి దాకా వెళ్లి, ఆమె గుమ్మంలో చెప్పులు చూసి వెనక్కొచ్చాడు. పనికి వెళ్దామంటే ఎక్కడికి వెళ్లాలో తెలియదు. అందరి దగ్గరా ఉన్నది ఆమె నంబరే. బండిలో కూర్చునేవాడు, దిగేవాడు. ఇన్నాళ్లూ గుండెల మీద ఉన్న బండ దించితే తేలికపడతాననుకున్నాడు. దించాడు, అది అక్క మీద పడింది. అంతే తేడా.

పదహారోనాడు పొద్దున్నే ఆమె వచ్చింది. బండి తలుపు తీసి కూర్చుంది. మనిషి సగమైంది.

"ఫోన్లు ఆగట్లేదు. ఎంతమందికని లేడని చెప్పను? ఫిట్టరు దగ్గరికి పోనివ్వు."

"అక్కా..."

"సర్దుకుపోయి రాలేదు నేను. అలా అనుకోకు. ఇంట్లో కూర్చుంటే నువ్వు 'ఆఁ' అన్నదే వినపడుతోంది. బయట ఉంటే కాస్త నయం."

ఒరేయ్ అనలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు. పిలవాల్సి వస్తే "ఇదిగో" అనేది.

ఫిట్టరు దగ్గర ఈసారి మాట్లాడింది ఆమే. ఇంజను పక్కన బెల్టు కంప్రెసరు, వెనక ట్యాంకు. ఫిట్టరు ట్యాంకుని తొట్టి కింద ఛాసిస్‌కి బిగిస్తే చోటు కలిసొస్తుందన్నాడు. "వద్దు. కింద పెడితే కంటికి కనపడదు. పైన, పక్కగా, కుళాయి చేతికందేలా పెట్టండి," అంది. ఒత్తిడి హద్దు దాటితే దానంతటదే గాలి వదిలే వాల్వు ఒకటి చాలన్నాడతను. రెండు పెట్టమంది. లారీ నుంచి తీసిన పాత ట్యాంకు చవకలో ఉందంటే, చేయి అడ్డం ఊపింది.

"పరీక్ష మా కళ్ల ముందు చేయండి."

ట్యాంకు నిండా నీళ్లు నింపి, చేతిపంపుతో ఒత్తిడి ఎక్కించాడు ఫిట్టరు. నీళ్లతో అయితే ఇనుము చిట్లినా కారుతుందే గాని పేలదని చెప్పాడు. ఒత్తిడి మీటరు ముల్లు నూట యాభై దాటింది, రెండు వందలు దాటింది. గాలి మేస్త్రి సందు చివరికి వెళ్లి గోడకి ఆనుకున్నాడు. అక్క ట్యాంకు పక్కనే నిలబడి, వెల్డింగు అతుకుల మీద వేలితో రాస్తూ చెమ్మ ఉందేమో చూసింది. ఎక్కడా లేదు. ఆమె అతన్ని రమ్మని పిలవలేదు. పూర్తయ్యేదాకా అక్కడే ఉండనిచ్చింది.

కొత్త ట్యాంకుతో మొదటి పిలుపు ఒక సిమెంటు లారీది. గన్ను పెట్టి బోల్టులు విప్పాడు. ఇదివరకు అరగంట పట్టేది, నాలుగు నిమిషాల్లో అయిపోయింది. టైరు ఎక్కించి అందులోకి గాలి వదిలాడు. అంచు ఠప్పుమని కూర్చుంది. అది మంచి చప్పుడే, పని అయిందని చెప్పే చప్పుడు. కానీ అతను పైపు వదిలేసి రెండు చేతులతో తల పట్టుకుని రోడ్డు మీద కూలబడ్డాడు. డ్రైవరు కంగారుపడి, "ఏమైందమ్మా ఆయనకి?" అన్నాడు.

"ఏం లేదు. పది నిమిషాలు ఆగండి, లేస్తాడు," అంది అక్క. ఆమె వెళ్లి లేపలేదు. పైపు దుమ్ములో పడకుండా తీసి కొక్కేనికి తగిలించింది. పది నిమిషాలకి అతను లేచాడు, మిగతా గాలి పట్టాడు, ముల్లు చూశాడు.

ఇప్పుడు పని బాగానే ఉంది. రోజుకి ఐదారు పిలుపులొస్తాయి. ఆ చప్పుడుకి అతను కూలబడటం మానేశాడు గాని, ఉలిక్కిపడటం మానలేదు. అక్క ఫోను విని, ఊరి పేరు కాగితం మీద రాసి చూపిస్తుంది. మధ్యాహ్నం ఆమె బండిలో తింటుంది, అతను బండి నీడన తింటాడు. ఎవరి డబ్బా వాళ్లదే.

మొన్న ఒక డ్రైవరు కుర్చీ తెచ్చి ఆమెకి వేస్తూ, "మేస్త్రి మీకేమవుతారమ్మా?" అని అడిగాడు. అతను చక్రం అవతల కూర్చుని వాల్వు బిగిస్తున్నాడు. మంచి చెవి అటువైపే ఉంది.

ఆమె చక్రం అవతలికి చూసింది.

"మా ఆయన దగ్గర పని నేర్చుకున్నాడు," అంది.