మల్లేశన్న దగ్గు సంగతి నాకు తెలుసు

నిన్న పొద్దున డ్యూటీలో ఉండగా బౌషర్ హాస్పిటల్ నుంచి ఫోన్.

మల్లేశన్న పోయాడట.

నమ్మబుద్ధి కాలేదు. మొన్న సాయంత్రం కూడా బెడ్ మీద నుంచి "అవెన్ల పెట్టిన సామాను ఏమైందిరా?" అని అడిగిన మనిషి!

ఫోన్ పెట్టేశాక కూడా అవెన్ దగ్గరే నిలబడ్డాను. లోపల తుపాకీ భాగాలున్నాయి. టైం కాకముందే తీస్తే పూత పాడవుతుంది. అది నాకు నేర్పిందే ఆయన. అన్న చచ్చిపోతే నేను గడియారం చూస్తూ నిలబడ్డాను.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. మాది మస్కట్‌లో చిన్న వర్క్‌షాప్. షూటింగ్ క్లబ్ రైఫిళ్లు, లైసెన్స్ ఉన్న పాత తుపాకులు వస్తాయి. తుప్పు పట్టకుండా వాటి ఇనుప భాగాలకు పూత స్ప్రే చేసి, అవెన్‌లో కాలుస్తాం. పదకొండేళ్లుగా స్ప్రే రూమ్ మల్లేశన్నదే. జగిత్యాల దగ్గర ఊరు.

కడిగిన ముక్కను ఒట్టి చేత్తో ముట్టుకుంటే ఆయన చేతిలో అయిపోయినట్టే! చేతి జిడ్డు అంటితే పూత పట్టదు. ఒకసారి నేనే ముట్టుకున్నాను. ఒక ఒమానీ ముసలాయన తెచ్చిన, వాళ్ల నాన్న తుపాకీ. అవెన్‌లో కాల్చి తీస్తే నా బొటనవేలంత మేర పూత లేచిపోయింది.

తుపాకీ చెక్క పిడి బిగిస్తే దాని కిందికి పోయే చోటు అది. "ఎవరు చూస్తరే అన్నా?" అన్నాను.

"నేను చూసిన గదరా!" అన్నాడు.

శుక్రవారం సెలవు పూట కూర్చుని, అంతా గీకేసి మళ్లీ మొదటి నుంచి చేశాడు.

ఇంత పట్టింపున్న మనిషి తన ఒంటిని మాత్రం గాలికొదిలేశాడు. మాస్క్ పెట్టుకుంటే కళ్లద్దాలకు ఆవిరి పట్టి, పూత ఎక్కడ పలచనైందో కనిపించదట. ఆఖరి పూత వేసేటప్పుడు మాస్క్‌ను గడ్డం కిందికి లాగేసేవాడు. రోజూ ఇదే. "రెండు నిమిషాలే గదరా" అనేవాడు.

ఆర్నెల్లుగా దగ్గు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. సూపర్‌వైజర్‌కు తెలిస్తే స్ప్రే రూమ్ నుంచి తీసి లోడింగ్‌లో వేస్తాడని భయం. ఎవరికీ చెప్పొద్దని, ఇంట్లో అసలే చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

వదినకు అనుమానమొచ్చి నాకు ఫోన్ చేసింది. "తమ్మీ, మీ అన్నకు మాట్లాడంగ దమ్మొస్తున్నది. మంచిగనే ఉన్నడా?"

"ఏం లేదు వదినా, ఇక్కడి దుమ్ముకు" అన్నాను. ఎంత సులువుగా అనేశానో!

హాస్పిటల్‌కు తీసుకెళ్లేసరికి ఊపిరితిత్తులు చాలావరకు పాడైపోయాయన్నారు. ఇన్నాళ్లూ ఏం చేశారని డాక్టర్ నన్నే అడిగాడు.

ఈ పొద్దున వదినకు ఫోన్ చేసి అంతా చెప్పేశాను. నాకు ముందే తెలుసని చెప్పాను.



"ఆయనకిచ్చిన మాట నిలబెట్టుకున్నవ్ తమ్మీ" అంది. "నాకొక్క మాట జెప్తే ఇంటికి రప్పిచ్చుకుంటుంటి గద."

తిట్టినా బాగుండేది.

పోయిరా మల్లేశన్నా. ఆయాసం లేని చోట నీ ప్రాణం చల్లగుండాలి.