కరువుకు కట్టిన కోక

మొన్న కళ్యాణదుర్గం బస్సులోంచి, ఎండిన చెనిక్కాయ చేలో ఒక బెదురుబొమ్మ కనబడింది. ఎవరో దానికి పాత చీర కట్టారు. గాలికి కొంగు ఎగిరేసరికి నేను చూపు తిప్పుకున్నాను.

అరవైల నాటి మాట. నాకు ఆరేళ్లుంటాయి. వానలు లేనప్పుడు మా ఊళ్లో గడ్డితో ఆడబొమ్మ చేసి, దానికి కరువని పేరు పెట్టి, చేటలతో కొడుతూ పొలిమేర దాకా ఈడ్చుకుపోయేవాళ్లు. ఆ ఏడు బొమ్మకు కోక కావాలని ఊరిపెద్ద మా ఇంటికే వచ్చాడు. పిల్లలు పుట్టలేదని మొగుడు వదిలేసిన మా మేనత్త ఉండేది మా ఇంట్లోనే.

"నీ కోక ఒగటి ఇయ్యమ్మా. నీదైతేనే కరువు పోతాదంటాండారు."

అత్త ఉల్లిపొర రంగు కోక తెచ్చి ఇచ్చింది. రోజూ నా మొహం తుడిచే కొంగు దానిదే.

సాయంత్రం ఆ కొంగు వీధి దుమ్ములో ఈడ్చుకుపోవడం చూసి అడ్డం పడ్డాను.

"మా అత్తను కొట్టాకండి!"

"మీ అత్త కాదు పాపా, కరువు," అని అందరూ నవ్వారు. నాయన తల వంచుకుని నన్ను పక్కకు లాగాడు.

ఇంటికొస్తే అత్త అడిగింది: "బొమ్మ మొగం ఎట్లుండాది పాపా?"

"నీ మాదిరే ఉండాదత్తా," అన్నాను, సంతోషిస్తుందనుకుని.

వాన పడలేదు. నేను బొమ్మను అత్త అనుకున్నది ఆ ఒక్క సాయంత్రమే. ఊరు మాత్రం అత్తను చూసినప్పుడల్లా ఆ బొమ్మనే చూసింది.

మరుసటి ఏడు ఊరిపెద్ద వచ్చేసరికి, ఆయన అడగకముందే అత్త ఇంకో కోక మడిచి గడప పక్కన పెట్టి ఉంచింది.